టీ తాగని వీధి

విజయవాడ ఆటోనగర్‌లో టీ తాగని మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. లారీ బాగుచేయించుకోవడానికొచ్చిన డ్రైవరు దగ్గర్నుంచి లారీలు అమ్మే షావుకారు దాకా అక్కడ అందరి పనీ టీతోనే మొదలవుతుంది. అలాంటి చోట అమల ఉద్యోగంలో చేరిన మొదటి పూటే "నేను తాగనండీ" అని గ్లాసు వెనక్కి జరిపింది. ఇంకేముంది, కొట్టంతా గప్‌చుప్.

ఆ కొట్టు రామకోటేశ్వరరావుగారిది. లారీ స్పేర్ పార్టులు అమ్ముతారు. ఉయ్యూరు దగ్గర చెరకు పండించే కుటుంబంలోంచి వచ్చి వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. మర్యాద దగ్గర ఆయనకి మహా పట్టింపు.

"కాఫీ చెప్పమంటావా అమ్మా?"

"కాఫీ కూడా తాగనండీ."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ."

"పోనీ, ఉపవాసమా?"

"కాదండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "అయితే మా టీ నీకు పనికిరాదా ఏంటి?" అన్నారు. గుమాస్తాలందరూ తలలెత్తి చూశారు. ఆ మాటలో అంత కోపం ఎందుకుందో అమలకి బోధపడలేదు. ఇచ్చిన టీ వద్దంటే ఇచ్చిన మనిషినే వద్దన్నట్టని ఆ పిల్లకెవరు చెప్పారు గనక? వాళ్ళ వీధిలో ఎవరూ ఎవరికీ టీ ఇవ్వరు.

పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్న షహనాజ్ ఇటు తిరిగి, "పాలు తాగుతావా?" అని అడిగింది. అమల తలూపింది. "సార్, ఈ పిల్లకి పాలు చెప్పండి. పాల్లేకుండా టీకొట్టాయన టీ ఎలా కాస్తాడు?" అంది షహనాజ్. రామకోటేశ్వరరావుగారు నవ్వేశారు. ఆయన నవ్వాక మిగతావాళ్ళకీ నవ్వడానికి ధైర్యం వచ్చింది. ఆ రోజు నుంచి టీ గ్లాసులతో పాటు ఒక పాల గ్లాసు కూడా వచ్చేది. అమలకి 'పాలపాప' అని పేరు కూడా స్థిరపడిపోయింది.

అసలు సంగతేమిటంటే, అమలవాళ్ళు మోర్మన్లు, టీ, కాఫీ, పొగాకు, సారా ముట్టని ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. పామర్రు దాటాక కాలవగట్టు మీద వాళ్ళ ఊరు. అమల తాత శౌరయ్య కుర్రతనంలో విశాఖపట్నంలో ఓడెక్కి, ఓడల్లో వంట చేస్తూ దేశాలు తిరిగి, ఏదో రేవులో మోర్మన్ల చేతుల మీదుగా బాప్తిస్మం పుచ్చుకుని ఇంటికొచ్చాడు. పెట్టె నిండా సీమ సరుకు తెస్తాడని చుట్టాలందరూ మూగితే పెట్టెలోంచి ఒక పుస్తకం తీశాడు. చుట్ట మానేశాడు, సారా మానేశాడు, ఆఖరికి టీ కూడా మానేశాడు. మొగుడికేదో పెద్ద జబ్బు చేసిందని ఆయన భార్య నెత్తీ నోరూ బాదుకుంది. తర్వాత ఆవిడా మానేసింది. అన్నదమ్ములు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే ఆయన వెనక నడిచారు. ఒక వీధి వీధంతా అలా తయారైంది. పామర్రులో ఆటో ఎక్కి "టీ తాగని వీధి" అంటే చాలు, తిన్నగా తెచ్చి దింపుతారు.

ఆయన వెంట రానిది ఒక్క తెరేసమ్మే. శౌరయ్య సొంత అక్క, విజయవాడ గుణదలలో కాపురం. "మరియమాతని వదిలి నేనెక్కడికీ రానురా" అని తెగేసి చెప్పింది. ఈయనా పంతం పట్టాడు. ఆవిడ మంచాన పడి "ఒక్కసారి తమ్ముణ్ణి రమ్మనండి" అని కబురు పెడితే, "ముందు నా మాట ఒప్పుకోమనండి, వస్తాను" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు, ఈయన వెళ్ళలేదు. ఆవిడ పోయింది. ఆ తర్వాత గుణదల అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

ఆ వీధిలో ఒక పద్ధతుంది. 'చూసిరావడం' అంటారు. ఆదివారం కూడికకి ఎవరైనా రాలేదంటే, పొద్దుగూకేలోపు ఇద్దరు ఆడవాళ్ళు టిఫిన్ క్యారియర్‌తో వాళ్ళ గుమ్మంలో నిలబడతారు. ముందుగా చెప్పడాలు, రావచ్చా అని అడగడాలు ఏమీ ఉండవు. లోపలికెళ్తారు, నుదుటి మీద చెయ్యేసి చూస్తారు, జావ తాగిస్తారు, గిన్నెలు తోమేసి వస్తారు. దాచుకుందామన్నా ఆ వీధిలో ఎవరికీ ఏదీ దాగదు. అమల నడక నేర్చిన దగ్గర్నుంచీ వాళ్ళమ్మ కొంగు పట్టుకుని అలా ఇళ్ళిళ్ళూ తిరిగింది.

అలాంటి పిల్ల డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, పటమటలో ఆడపిల్లల హాస్టల్లో దిగింది. అది రెండువేల మూడో సంవత్సరం. నెలనెలా మొదటి ఆదివారం ఊరికి వచ్చి తీరాలని శౌరయ్య షరతు పెట్టి పంపించాడు. హాస్టల్లో పక్కమంచం పిల్ల రెండ్రోజులు అన్నం తినకపోయినా ఎవరూ ఎందుకని అడగరు. అది చూసి అమలకి కాళ్ళు నిలిచేవి కావు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచేది కాదు. తిన్నాక వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకి తిరుగుతూ ఉండేది.

"ఒక్కచోట కుదురుగా కూర్చోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది ఆమె గదిలో ఉండే శివపార్వతి. కైకలూరు పిల్ల, ఎంసీయే చదువుతోంది, మంచిదే. అమలేమో సినిమాకి పిలిస్తే రాదు, ఆదివారం బజారుకి పిలిస్తే రాదు, పుట్టినరోజు పార్టీకొచ్చి మూలన నిలబడుతుంది. ఇలాంటి పిల్లతో ఎలా వేగాలో శివపార్వతికి మాత్రం ఏం తెలుస్తుంది?

ఊరు ఎలా ఉంటుందో అమలకి నేర్పింది షహనాజే. బెంజిసర్కిల్ దగ్గర రోడ్డు దాటడం నేర్పింది. మనుషుల్ని దాటడమూ నేర్పబోయింది. "ఎవరైనా ఇంటికి రమ్మంటే 'తప్పకుండా వస్తానండీ' అనాలి. అంతేగానీ, నిజంగా వెళ్ళిపోకూడదు."

"వెళ్ళనప్పుడు వస్తానని ఎందుకనడం?"

"అదేనే మర్యాదంటే!"

అమలకి ఈ లెక్క అంతుబట్టలేదు. ఓసారి రామకోటేశ్వరరావుగారి భార్య రావమ్మగారు కొట్టుకి పరవాన్నం పంపించి, సాయంత్రం స్వయంగా వచ్చి "ఎలా ఉందమ్మాయ్?" అని అడిగారు. అందరూ "అమోఘం అండీ" అన్నారు. అమల మాత్రం "కొంచెం అడుగంటిందండీ" అంది. రావమ్మగారు ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత పకపకా నవ్వి, "నిజమేనే, అంటింది. ఒక్కళ్ళు చెప్తే ఒట్టు!" అన్నారు. 'పాలపాప అబద్ధం ఆడదు' అని ఆ రోజుతో ఆటోనగర్‌లో ఆ వరసంతా తెలిసిపోయింది. షహనాజ్ ఈ ముచ్చట ఇంట్లో కూడా చెప్పి నవ్వించింది.

అలా ఉండగా ఫిబ్రవరి చివర్లో షహనాజ్ ఒకరోజు కొట్టుకి రాలేదు. జ్వరమని ఫోన్ చేసింది. మర్నాడూ రాలేదు. ఇక అమలకి బిల్లు మీద చూపు నిలిస్తేనా! జ్వరం వచ్చిన మనిషి ఇంటికి ఇప్పటిదాకా ఒక్కరూ వెళ్ళలేదు. పైగా ఎన్నిసార్లు అంది షహనాజ్, "మా ఇంటికి రావే ఓసారి" అని. సాయంత్రం పెందలాడే పర్మిషన్ అడిగి, హాస్టల్ వంటింట్లో తనే జావ కాచి, క్యారియర్‌లో పోసుకుని, సిటీబస్సెక్కి పంజా సెంటర్‌లో దిగింది. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. "ఫోన్ చేసి వెళ్ళవే" అని శివపార్వతి చెప్పింది కూడా. జావ చల్లారిపోతుందని ఈవిడగారి బాధ.

తలుపు తీసింది షహనాజ్ తల్లి దిల్షాద్ బేగం. పక్కనే కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. మొగుడు చిన్నపిల్లలతో వదిలేసి గుంటూరులో ఇంకో ఆవిడతో కాపురం పెడితే, ఆ మిషను తొక్కే ఇద్దరు పిల్లల్నీ పెంచుకొచ్చిన మనిషి.

"షహనాజ్‌కి జ్వరం తగ్గిందా ఆంటీ? జావ తెచ్చాను."

"జ్వరమేంటమ్మా? కొట్టుకెళ్ళిందిగా పొద్దున!"

అక్కడైనా ఆగి ఆలోచించాలా వద్దా? ఇంకెవరైనా అయితే నాలిక్కరుచుకుని ఏదో ఒకటి అల్లేసేవాళ్ళే. అమల మాత్రం క్యారియర్ పట్టుకుని, "రాలేదండీ. నిన్న కూడా రాలేదు" అంది.

దిల్షాద్ బేగం మొహంలో రంగు మారింది. అయినా ఆవిడ మర్యాద తప్పలేదు, కూర్చోమంది, టీ పెట్టబోయింది. అమల వద్దంది. ఇక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కాసేపటికి లారీ సీట్లు కుట్టే పని నుంచి అన్నయ్య అఫ్జల్ వచ్చాడు. ఆ తర్వాత షహనాజ్ వచ్చింది. గుమ్మంలో అమలని, ఆ క్యారియర్‌ని చూసి ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది.

"ఎక్కణ్ణించి?" అని అడిగింది తల్లి.

తండ్రి సంగతి షహనాజ్ ఇక దాచలేదు. "గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడమ్మీ అబ్బా. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆవిడ కూడా వదిలేసి వెళ్ళిపోయింది. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు."

"ఆ మనిషి పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదన్నానా లేదా?" దిల్షాద్ బేగం గొంతు పెంచలేదు. "నేను మంచినీళ్ళకి ఏడ్చినప్పుడు ఎవరొచ్చారు?"

"రేపట్నుంచి నేనే దింపుతా, నేనే తీసుకొస్తా" అన్నాడు అఫ్జల్. ఆ ఇంట్లో ఇక దాని మీద మాట లేదు.

మెట్లు దిగుతుంటే షహనాజ్ వెనకాలే వచ్చింది. "నిన్నెవరు రమ్మన్నారే?"

"జ్వరమన్నావని... మా ఊళ్ళో అయితే..."

"ఇది మీ ఊరు కాదు! చెప్తే నన్ను పంపించేవాళ్ళా? ఏం జరిగేదో నాకు తెలుసు కాబట్టే చెప్పకుండా వెళ్ళాను. ఇప్పుడాయన ఒక్కడే పోతాడు. వెళ్ళు, సంతోషంగా వెళ్ళు." అమల చేతిలో క్యారియర్ అలాగే ఉంది. జావ ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాత కొట్లో పాల గ్లాసు వస్తూనే ఉంది గానీ అమలకి గొంతు దిగేది కాదు. షహనాజ్ కంప్యూటర్ వైపు తప్ప ఇటు చూడదు. అఫ్జల్ పొద్దున మోటార్ సైకిల్ మీద దింపుతాడు, సాయంత్రం కొట్టు మూసే వేళకి ముందే వచ్చి నిలబడతాడు. తను చేసిన తప్పేమిటో అమలకి ఎంత ఆలోచించినా ఒకపట్టాన తేలలేదు. అబద్ధం ఆడలేదు. చెడు తలపెట్టలేదు. జబ్బు మనిషి కోసం వెళ్ళింది. మరి ఇంత అన్యాయం ఎలా జరిగింది? హాస్టల్ వరండాలో తిరిగి తిరిగి కాళ్ళు పీకేవి. తోచీ తోచక, ఆఖరికి చిన్నప్పట్నుంచీ తనకి తెలిసిన పనే చేసింది. రామకోటేశ్వరరావుగారిని సెలవడిగింది.

"ఎందుకమ్మా?"

"జబ్బు మనిషిని చూసి రావాలండీ."

మళ్ళీ క్యారియర్‌లో జావ పోసుకుని గుంటూరు బస్సెక్కింది. పెద్దాసుపత్రిలో మగవాళ్ళ వార్డులో వెతికితే గోడవారన మంచం మీద షహనాజ్ తండ్రి సుభాని కనిపించాడు. ఒకప్పుడు లారీ తోలిన మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు.

"ఎవరమ్మా నువ్వు?"

"షహనాజ్‌తో కలిసి పనిచేస్తానండీ. ఒక్కరే ఉన్నారంటే చూసిపోదామని వచ్చాను."

"అది రాదా ఇంక?"

"రానివ్వడం లేదండీ. నా వల్లే అలా అయింది." జరిగినదంతా చెప్పేసింది. సుభాని నవ్వబోతే దగ్గొచ్చి చాలాసేపు ఆగలేదు. అమల వీపు నిమిరి, జావ చెంచాతో తాగించింది. వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయన అటే చూశాడు.

"ఎవరైనా రావాలనుకునేవాళ్ళుంటే తొందరగా రమ్మనమ్మా" అని వచ్చేటప్పుడు నర్సమ్మ చెప్పింది.

ఈ మాట షహనాజ్‌తో చెప్పకుండా ఎలా ఉండగలదు? మర్నాడు మధ్యాహ్నం అన్నం తినే వేళ చెప్పింది. షహనాజ్ డబ్బా మూత అలాగే పట్టుకుని, "నువ్వెళ్ళావా? ఆయన తాగాడా జావ?" అని అడిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నాళ్ళ తర్వాత అదే మొదటి మాట. "ఆదివారం కొట్టు ఉండదు. గడప దాటనివ్వరే నన్ను. పోనీ సోమవారం కొట్లోంచి జారుకుందామన్నా మా అన్నయ్య మధ్యమధ్య వచ్చి చూసిపోతుంటాడు."

"నేనడుగుతాను మీ అన్నయ్యని" అంది అమల. ఏమడుగుతుందో ఆ పిల్లకే తెలియదు.

శనివారం సాయంత్రం దాకా అమల మనసు మనసులో లేదు. రెండు బిల్లులు తప్పు కొట్టింది. తెల్లారితే మొదటి ఆదివారం. పామర్రు బస్సెక్కాలి, తాతయ్య ఎదురుచూస్తుంటాడు. ఆదివారం వాళ్ళ వీధిలో ఎవరూ పనీ చెయ్యరు, ప్రయాణాలూ పెట్టుకోరు, కూడికకి వెళ్ళి రావడం తప్ప. అఫ్జల్ బండి ఆగగానే చక్కా వెళ్ళి అతని ముందు నిలబడింది.

"అన్నా, మార్చి కదా, రేపు కొట్లో సరుకు లెక్క చూడాలి. సార్ మా ఇద్దర్నీ రమ్మన్నారు. నేనే ఇంటికొచ్చి తీసుకెళ్తాను, నేనే తెచ్చి దింపుతాను."

జీవితంలో మొదటి అబద్ధం అది. ఎంత సాఫీగా వచ్చిందో చూసి అమలకే ఒళ్ళు జలదరించింది. అఫ్జల్ ఒక్కసారి చెల్లెలి వైపు అనుమానంగా చూశాడు, తర్వాత అమల వైపు చూశాడు. "సరే. నువ్వు చెప్తున్నావు కాబట్టి పంపిస్తున్నా" అన్నాడు. బండి వెళ్ళిపోయాక కూడా అమల అక్కడే చాలాసేపు నిలబడి ఉంది.

ఆదివారం పొద్దున పంజా సెంటర్‌లో ఆ మెట్లెక్కుతుంటే ఇంకా కష్టమైంది. దిల్షాద్ బేగం లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చింది. పాలు. యాలక్కాయ వేసి కాచి, తాగేంత వేడిగా చల్లార్చి ఉంచింది. "టీ తాగవటగా నువ్వు, షహనాజ్ చెప్పింది. ఆ రోజు తెలియక టీ పెట్టబోయాను."

అమల ఒక గుక్క తాగింది.

"నిజంగా కొట్టుకేనామ్మా?" దిల్షాద్ బేగం మెల్లగా అడిగింది. "నా పిల్లని నేను నమ్మలేకపోతున్నాను. నిన్నడుగుతున్నా. ఆ రోజు నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే."

లోపల గదిలో షహనాజ్ జడ వేసుకుంటూ ఆగిపోయింది. అమలకి ఆ ఇల్లు, ఆ మిషను, ఎదురుగా ఆ తల్లి మొహం, అన్నీ కనిపిస్తున్నాయి. వార్డు తలుపు వైపు తిరిగే సుభాని మొహం కూడా కనిపిస్తోంది.

"అవునాంటీ. కొట్టుకే" అంది. మిగిలిన పాలు కూడా తాగేసి గ్లాసు కింద పెట్టింది.

గుంటూరులో తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో అమల వినలేదు. వరండాలోనే పచార్లు చేసింది. కిటికీలోంచి ఒకసారి చూస్తే, సుభాని చెయ్యి షహనాజ్ తల మీద ఉంది. పొద్దు వాలే దాకా ఆ చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం షహనాజ్‌ని ఇంటి దగ్గర దింపి హాస్టల్‌కి వచ్చేసరికి గేటు దగ్గర ఇద్దరు మేనత్తలు టిఫిన్ క్యారియర్‌తో కూర్చుని ఉన్నారు. మరి కూడికకి రాలేదు కదా! ఆదివారమైనా సరే, ఈ చూసిరావడానికి మాత్రం వాళ్ళు ప్రయాణం చేస్తారు. శివపార్వతి పాపం అడక్కుండానే "ఒంట్లో బాలేదండీ, డాక్టర్ దగ్గరికెళ్ళింది" అని చెప్పి ఆదుకోబోయింది. అమల "నాకేం కాలేదత్తా, బాగానే ఉన్నాను" అంది. "మరెక్కడికెళ్ళావే?" అని అడిగితే, "తాతయ్యకే చెప్తాను" అంది. వాళ్ళు ముఖముఖాలు చూసుకుని, క్యారియర్ చేతికిచ్చి ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే సుభాని పోయాడు. కబురు తెలిశాక షహనాజ్ తల్లి ముందు కూర్చుని అంతా చెప్పేసింది. అఫ్జల్ గుంటూరు వెళ్ళి మట్టి చేసి వచ్చాడు. అమల ఊరుకోగలిగిందా? చావు జరిగిన ఇంటికి వెళ్ళకుండా ఉండటం ఆ పిల్లకి చేతకాదు. వెళ్ళింది. దిల్షాద్ బేగం గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"పాలు కాచి ఇచ్చాను కదమ్మా నీకు" అంది.

అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. అమల మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. షహనాజ్‌తో స్నేహం నిలిచింది. ఆ ఇంటి గడప మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం ఊరికి వెళ్ళింది. బయటి ఊళ్ళో ఉండే పిల్లలు కూడికకి ముందు శౌరయ్య ఎదుట కూర్చుని ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాలి. అది ఆ వీధి పద్ధతి. మనవరాలికైనా మినహాయింపు లేదు. శౌరయ్య తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"టీ తాగావా?"

"లేదు తాతయ్యా."

"సినిమాలకి?"

"వెళ్ళలేదు."

"అబద్ధాలేమైనా ఆడావా?"

"ఆడాను."

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అమల మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. పాల గ్లాసు సంగతి కూడా చెప్పింది.

"పశ్చాత్తాపపడుతున్నావా?"

ఇక్కడ ఔననేస్తే ఏ గొడవా ఉండదు. అందరూ అనేది అదే. "ఆ ఆంటీ మొహం తలుచుకుంటే బాధగానే ఉంది తాతయ్యా" అంది అమల. "కానీ మళ్ళీ అలాంటిదే వస్తే మళ్ళీ ఆడతాను. పశ్చాత్తాపమని చెప్తే అది రెండో అబద్ధం."

శౌరయ్య మెడ దగ్గరి గుండీ ఒకటి విప్పుకున్నాడు. తర్వాత, "చూసుకున్నాడా ఆయన?" అని అడిగాడు.

"ఎవరు?"

"ఆ తండ్రి. కూతుర్ని చూసుకున్నాడా పోయేముందు?"

"చూసుకున్నాడు తాతయ్యా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా."

ఆయన తలూపాడు. "ఇవాళ రొట్టె తీసుకోకు" అన్నాడు. "పళ్ళెం నీ దగ్గరికొస్తే పక్కవాళ్ళకి అందించు."

కూడికలో పంచే ప్రభువు రొట్టె తీసుకోలేదంటే ఏదో పెద్ద తప్పే చేసిందని అర్థం. వీధి వీధంతా చూస్తుంది, వీధి వీధంతా చెప్పుకుంటుంది. అమల మూడో వరసలో మేనత్తల మధ్య కూర్చుంది. నెలనెలా ఆ పూట అందరూ ఉపవాసం. ప్రార్థన అయింది, రొట్టెముక్కల పళ్ళెం లేచింది. అది మొదట వెళ్ళేది శౌరయ్య దగ్గరికే. సంఘానికి పెద్ద ఆయన. ఆయన తీసుకున్నాకే మిగతావాళ్ళు తీసుకుంటారు.

శౌరయ్య పళ్ళెం వైపు చూశాడు. చెయ్యి సగం దాకా లేచింది. మళ్ళీ మోకాలి మీదకి వచ్చేసింది. "పోనివ్వండి" అన్నాడు.

పళ్ళెం పట్టుకున్నతను వినపడనట్టు అక్కడే నిలబడ్డాడు. "పోనివ్వమన్నానుగా" అన్నాడు శౌరయ్య మళ్ళీ. పాతికేళ్ళుగా ఆ గదిలో జరగని పని అది. మేనత్త అమల మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పళ్ళెం వరసలు దాటి అమల దాకా వచ్చింది. అమల దాన్ని పక్కకి అందించింది. ఆ సరికి ఎవరూ అమలని చూడటం లేదు, అందరి చూపూ ముందు కుర్చీలో ఉన్న ముసలాయన మీదే ఉంది.

సాయంత్రం అమల సంచీ పట్టుకుని రోడ్డు మీదకి వచ్చేసరికి బస్సు ఆగే చోట శౌరయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తెల్ల చొక్కానే. ఆదివారం బస్సెక్కడం ఆయన ఓడ దిగినప్పుడే మానేశాడు.

"ఎక్కడికి తాతయ్యా?"

విజయవాడ బస్సు దూరంగా మలుపు తిరిగి కనిపించింది. దాని వైపే చూస్తూ, "గుణదలలో సమాధుల దొడ్డికి వెళ్ళాలంటే ఎక్కడ దిగాలే?" అని అడిగాడు.

"నేను తీసుకెళ్తాను" అంది అమల, ఆయన చేతిలో గొడుగు అందుకుని.